అన్నీ పోయినవాళ్లకి ఏమివ్వాలి? విరాటపర్వం చెప్పే జవాబు



ఈ వారం వీడియోలో పాండవుల అజ్ఞాతవాసం కథ చెప్పుకున్నాం. టైమ్ చాలక కథ దగ్గరే ఆగిపోయాం. మన కాలానికి పనికొచ్చే అసలు మాట ఒకటి అందులో మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు ఒక పదం చూడండి. శరణు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల నోట రోజంతా ఇదే మాట. గుళ్లో చేతులు జోడించి మనం అడిగేదీ ఇదే. పేపర్లో, టీవీలో ఇంకో మాట వినిపిస్తుంటుంది. శరణార్థి. శరణు కోరి వచ్చినవాడు అని దాని అర్థం. రెండు చోట్లా మాట ఒకటే. మొదటి చోట అడిగేది మనం, ఇచ్చేది దేవుడు. రెండో చోట అడిగేది ఎవరో మనిషి, ఇవ్వాల్సింది మనం. అక్కడికొచ్చేసరికి మనకి కాస్త గొంతు తడబడుతుంది కదా?

సరే, ఇవ్వాలనే అనుకుందాం. ఏమివ్వాలి? ఇల్లూ ఊరూ వదిలేసి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకి మొదట కావాల్సింది అన్నం, గుడ్డ, తలదాచుకోవడానికి ఇంత చోటు. అందులో అనుమానమే లేదు. ఆ తర్వాత ఏంటి? మహాభారతం ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెబుతుంది. విద్య, పని. ఈ రెండూ అందినప్పుడే శరణు ఇవ్వడం పూర్తవుతుంది.

అడవిలో దొరికిన రెండు విద్యలు

నిన్నటిదాకా ఇంద్రప్రస్థంలో రాజసూయం చేసిన చక్రవర్తి. ఇవాళ జింకచర్మం కట్టుకుని అడవి దారి పట్టాడు. 12 ఏళ్లు అరణ్యవాసం, ఆపైన ఒక ఏడాది అజ్ఞాతవాసం. ఆ ఏడాదిలో ఎవరైనా గుర్తుపడితే మళ్లీ మొదటికే.

తిండి సమస్య మొదట్లోనే తీరిపోయింది. ధౌమ్యుడు చెప్పినట్టు ధర్మరాజు సూర్యుణ్ని ప్రార్థించాడు, అక్షయపాత్ర దొరికింది. ద్రౌపది భోంచేసేదాకా ఆ పూట వంటకాలు తరగవు. అన్నం ఒక్కటే సమస్య అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. రోజూ తిని కూర్చుంటే 12 ఏళ్లు గడిచిపోతాయి. వ్యాసులవారు అలా గడపనివ్వలేదు.

అర్జునుడు అస్త్రాల కోసం హిమాలయాలకి వెళ్లాడు. కిరాతుడి రూపంలో వచ్చిన శివుడి దగ్గర పాశుపతం సంపాదించాడు. అక్కణ్నుంచి ఇంద్రలోకానికి వెళ్లి 5 ఏళ్లు ఉన్నాడు. అస్త్రాలన్నీ అయ్యాక ఇంద్రుడు ఇంకో మాట చెప్పాడు. చిత్రసేనుడనే గంధర్వుడి దగ్గర నృత్యం, గానం, వాద్యం కూడా నేర్చుకో అని. యుద్ధానికి సిద్ధమవుతున్నవాడికి డాన్స్ క్లాసులేంటి అని మనకి అనిపిస్తుంది. అర్జునుడు మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాడు.

ఇటు అడవిలో ధర్మరాజు బాగా కుంగిపోయి ఉన్నాడు. తమ్ముడు దూరంగా ఉన్నాడు. ఇంతమంది కష్టాలకి తన జూదమే కారణమన్న బాధ లోపల తొలిచేస్తోంది. అప్పుడు బృహదశ్వ మహర్షి వచ్చాడు. నాకంటే దురదృష్టవంతుడైన రాజు ఎవడైనా ఉన్నాడా స్వామీ అని ధర్మరాజు అడిగాడు. మహర్షి నలుడి కథ చెప్పాడు.

నలుడూ జూదంలోనే రాజ్యం పోగొట్టుకున్నాడు. ఒంటిమీద ఒక్క బట్టతో మిగిలాడు. భార్య దమయంతిని అడవిలో వదిలేసి వెళ్లిపోయేంతగా మతి చెడింది. కర్కోటకుడి కాటుతో రూపం కూడా మారిపోయింది. అంతటి మహారాజు చివరికి బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు చూసే కొలువులో చేరాడు. అతనికి గుర్రాల మర్మం తెలుసు, వంట బాగా తెలుసు. అవే అతనికి అన్నం పెట్టాయి. ఒకరోజు రథం మీద వెళ్తూ ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టుని చూసి, దానికి ఆకులెన్నో కాయలెన్నో లెక్క చెప్పేశాడు. నలుడు రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. ఆ విద్య నాకు నేర్పండి, గుర్రాల విద్య మీకు నేర్పుతాను అన్నాడు. ఇద్దరూ ఇచ్చిపుచ్చుకున్నారు. ఋతుపర్ణుడి దగ్గర దొరికిన ఆ అక్షహృదయంతోనే నలుడు తర్వాత తన రాజ్యాన్ని తిరిగి గెలుచుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బృహదశ్వుడు కథ చెప్పి ఓదార్చి వెళ్లిపోలేదు. ఆ అక్షహృదయాన్ని ధర్మరాజుకి నేర్పి మరీ వెళ్లాడు. ఎక్కడ ఓడిపోయాడో అక్కడే నిలబెట్టే విద్య అది. నువ్వు జూదం ఎందుకు ఆడావయ్యా అని క్లాసు పీకలేదు. ముందు వాడి చేతిలో ఒక విద్య పెట్టాడు.

విరాటుడి కొలువులో ఇంటర్వ్యూలు

పన్నెండేళ్లు అయ్యాయి. విరాట నగరానికి బయల్దేరే ముందు ధౌమ్యుడు వాళ్లని కూర్చోబెట్టి, కొలువులో ఎలా ఉండాలో చెప్పాడు. ఇతరుల ఆసనం మీద కూర్చోవద్దు, అడగనిదే సలహా ఇవ్వొద్దు, రాజుగారి రహస్యాలు బయటపెట్టొద్దు. పుట్టినప్పటినుంచీ రాజులుగా బతికినవాళ్లకి సేవకుడిగా ఎలా బతకాలో నేర్పడం అన్నమాట. మన భాషలో ఓరియెంటేషన్.

ఆ తర్వాత ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టారు. ఆయుధాలతో పాటు పేర్లూ, బిరుదులూ అక్కడే వదిలేశారు అనుకోండి. దసరాకి మనం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ రెండో మూట కూడా గుర్తుచేసుకోవాలి.

ఒక్కొక్కరూ విడివిడిగా వెళ్లి ఉద్యోగం అడిగారు. ధర్మరాజు కంకుభట్టుగా రాజుగారికి పాచికలాటలో తోడు. భీముడు వలలుడిగా వంటశాలలో. అర్జునుడు బృహన్నలగా రాజకుమారి ఉత్తరకి నాట్యం నేర్పే గురువు. నకులుడికి గుర్రాలు, సహదేవుడికి ఆవులు. ద్రౌపది సైరంధ్రిగా రాణి సుధేష్ణ దగ్గర అలంకరణ పని.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. ధర్మరాజుకి కొలువు ఏ విద్య మీద వచ్చింది? అడవిలో బృహదశ్వుడు నేర్పినదాని మీద. అర్జునుడికి? చిత్రసేనుడి దగ్గర నేర్చుకున్నదాని మీద. అన్నీ పోయిన రోజుల్లో నేర్చుకున్నదే రేపు నిలబడటానికి నేల అయింది. రాజ్యాన్ని పాచికల మీద లాక్కోవచ్చు. నేర్చుకున్నదాన్ని లాక్కునే పాచిక ఇంకా పుట్టలేదు.

విరాటుడు చేసింది కూడా చూడాలి. నువ్వెవరు, ఏం తెలుసు అని అందరినీ అడిగాడు. బృహన్నల విద్యని పరీక్ష చేయించాకే కూతురికి గురువుగా పెట్టాడు. అడగడం తప్పు కాదు. అడిగాక, వచ్చిన విద్యకి తగ్గ పని ఇచ్చాడు. అందరినీ ఒక సత్రంలో కూర్చోబెట్టి పూటపూటకీ అన్నం పెట్టి పంపి ఉంటే అదీ పుణ్యమే. కానీ ఆ ఐదుగురూ ఆ తల్లీ ఏడాదంతా తలెత్తుకుని బతికేవాళ్లు కాదు.

కురుక్షేత్రంలో ఇంకో శిబిరం

ఇది పురాణకాలంలో ఆగిపోయిన విషయం కాదు. కురుక్షేత్రం అనగానే మనకి గీత గుర్తొస్తుంది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు అదే కురుక్షేత్రంలో శరణార్థుల కోసం పెద్ద శిబిరం వేశారు. లక్ష మందికని మొదలుపెడితే దాదాపు 3 లక్షల మంది వచ్చిపడ్డారు. పశ్చిమ పంజాబులో పొలాలు, కొట్లు, ఇళ్లు వదిలేసి వచ్చినవాళ్లు. డేరాల్లో క్యూ కట్టి రేషన్ తీసుకునే బతుకు.

సురేంద్ర కుమార్ డే అనే ఇంజనీరు ఆ శిబిరంలో పని చేశారు. ఉచితంగా వచ్చే రేషన్ తిని కూర్చుంటే మనిషి లోపల కుళ్లిపోతాడని ఆయనకి అర్థమైంది. అందుకే చేతిపనులు నేర్పించడం మొదలుపెట్టారు. 1948లో దగ్గర్లోనే నీలోఖేరి అనే చోట చిత్తడి నేలని బాగుచేసి, ఆ శరణార్థుల చేతులతోనే ఒక ఊరు కట్టించారు. ఆ పథకానికి మజ్దూర్ మంజిల్ అని పేరు పెట్టారు. శ్రామికుడి గమ్యం అని దాని అర్థం. తర్వాత 1952లో దేశమంతటా మొదలైన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమానికి నీలోఖేరి అనుభవం ఒక నమూనా అయింది. డే గారే తర్వాత ఆ శాఖకి కేంద్రమంత్రి అయ్యారు. నిన్న రేషన్ కోసం నిలబడ్డవాళ్లు కట్టుకున్న ఊరు, దేశంలోని పల్లెలన్నింటికీ ఒక పాఠం అయింది. ఆలోచించండి.

స్వెటర్ల కొట్టు వెనక ఉన్న కథ

చలికాలం రాగానే మన హైదరాబాద్‌లో, ఇంకా చాలా ఊళ్లలో టిబెటన్ల స్వెటర్ల కొట్లు వెలుస్తాయి. బేరమాడి, ఒకటి కొనుక్కుని వచ్చేస్తాం. ఆ కొట్టులో కూర్చున్న అమ్మ కథ ఎక్కడ మొదలైందో తెలుసా?

1959 మార్చిలో దలైలామా గారు లాసా వదిలి, మంచుకొండలు దాటి, మార్చి 31న భారతదేశంలో అడుగుపెట్టారు. ఆయన వెనక సుమారు 80 వేల మంది వచ్చారు. చలిదేశం నుంచి వచ్చినవాళ్లకి మన వేడి తట్టుకోవడమే కష్టం. భాష రాదు. చేతిలో పైసా లేదు. చాలామందికి దొరికిన మొదటి పని హిమాలయాల్లో రోడ్లు వేయడం. బండలు పగలగొట్టేచోట తల్లిదండ్రులు, పక్కనే డేరాల్లో పసిపిల్లలు. జబ్బులు, తిండి లేమి.

1960 మే 17న జమ్మూ ప్రాంతపు రోడ్డు పనుల క్యాంపుల నుంచి 51 మంది పిల్లలు ధర్మశాలకి చేరారు. బాగా నీరసించిపోయి, జబ్బుపడి ఉన్నారు. దలైలామా గారి అక్క సెరింగ్ డోల్మా గారు వాళ్లని నేను చూసుకుంటానని ముందుకొచ్చారు. 1964లో ఆవిడ పోయాక చెల్లెలు జెట్సున్ పేమా గారు ఆ బాధ్యత ఎత్తుకుని నలభై ఏళ్లు పైగా నడిపారు. అదే ఇవాళ టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అనే పెద్ద విద్యాసంస్థ. ముస్సోరీలో మొదటి టిబెటన్ స్కూలు కూడా 1960లోనే తెరిచారు. గమనించండి, అప్పటికి వాళ్లకి సరైన ఇళ్లు లేవు. స్కూలు మాత్రం మొదలైపోయింది.

పెద్దవాళ్లకి భూమి దొరికింది. అప్పటి మైసూరు రాష్ట్రం బైలకుప్పె దగ్గర సుమారు 3 వేల ఎకరాల అడవి నేల ఇచ్చింది. చెట్లు కొట్టి, నేల చదును చేసి, ఏనుగుల్ని కాచుకుంటూ మొక్కజొన్న వేశారు. కూర్గు వైపు టూరుకెళ్లినప్పుడు మనం గోల్డెన్ టెంపుల్ దగ్గర ఫొటోలు దిగి వస్తాం కదా, అది ఆ నేల మీదే ఉంది.

పంట ఒక్కదానితో ఏడాదంతా గడవదు. అందుకే కోతలయ్యాక చాలా కుటుంబాలు స్వెటర్ల వ్యాపారానికి బయల్దేరాయి. లూధియానా నుంచి సరుకు తెచ్చి, మూడు నాలుగు నెలలు దేశంలోని ఊరూరా అమ్మి, వాళ్ల కొత్త సంవత్సరం లోసార్ నాటికి ఇంటికి చేరతారు. ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. లూధియానా వ్యాపారులు చాలాకాలంగా వాళ్లకి సరుకు అప్పు మీద ఇస్తున్నారు, నమ్మకం మీద. సీజన్ అయ్యాక వీళ్లు వెళ్లి లెక్క తీర్చేస్తారు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివాడికి ఒకడు నమ్మి సరుకిచ్చాడు. తీసుకున్నవాడు మాట నిలబెట్టుకున్నాడు. విరాటుడి కొలువులో జరిగింది ఇదే.

ఇంకో సంగతి. ఒకప్పుడు మన దేశం నుంచి టిబెట్‌కి వెళ్లిన బౌద్ధ గ్రంథాలు చాలావాటికి ఇక్కడ సంస్కృత మూలం పోయింది, అక్కడి అనువాదం మిగిలింది. 1967లో సారనాథ్‌లో మొదలైన టిబెటన్ ఉన్నత విద్యాసంస్థలో పండితులు వాటిని మళ్లీ సంస్కృతంలోకి తెస్తున్నారు. 2006 జనవరిలో మన అమరావతిలో కాలచక్ర జరిగినప్పుడు వేలమంది టిబెటన్లు మన ఊరి మట్టిని కళ్లకద్దుకున్నారు. శరణు అడిగి వచ్చినవాళ్లు మనం పోగొట్టుకున్నదాన్ని దాచి తెచ్చారండీ.

ఆశ్రయం ఇచ్చినవాడికీ పరీక్ష ఉంటుంది

విరాటుణ్ని ఇందాక పొగిడాం. అతను ఫెయిలైన చోటు కూడా భారతం దాచలేదు. సైరంధ్రి మీద కీచకుడి కన్ను పడింది. ఆమె నిండు సభలోకి పరుగెత్తుకొచ్చింది. విరాటుడి కళ్లముందే కీచకుడు ఆమెని తన్నాడు. రాజు నోరు మెదపలేదు. బావమరిది, పైగా సేనాపతి. పనిచేసుకుని బతికే దిక్కులేని మనిషి కోసం అంత బలవంతుణ్ని ఎదిరించాలా అనుకున్నాడేమో.

పని ఇవ్వడం ఒక ఎత్తు. పనిచేసేచోట రక్షణ ఇవ్వడం ఇంకో ఎత్తు. మన చుట్టూ చూడండి. కాగితాలు సరిగా లేవు, వెనక ఎవరూ లేరు అని తెలిస్తే జీతం తగ్గించే యజమాని ఉన్నాడు. మొహం చూసి ఇల్లు అద్దెకివ్వని ఓనర్ ఉన్నాడు. కళ్లు, ముక్కు వేరేలా ఉన్నాయని వెక్కిరించి పిలిచే కుర్రాళ్లు మన కాలేజీల్లోనే ఉన్నారు. అక్కడ కీచకుడు ఒకడే అయినా, నోరు మెదపని విరాటులు సభనిండా ఉంటారు. మనం ఆ సభలో ఎక్కడ కూర్చున్నామో మనకే తెలియాలి.

వాళ్ల కర్మ అనేయొచ్చా?

మన యూత్ చాలామంది అడిగే ప్రశ్న ఇది. అంతా కర్మే అయితే, ఊరు పోగొట్టుకోవడం కూడా వాళ్ల కర్మే కదా, మనమెందుకు మధ్యలో?

ధర్మరాజు విషయంలో కర్మ వెతకడానికి వెనక జన్మలకి వెళ్లక్కర్లేదు. పాచికలు తన చేత్తోనే వేశాడు. అంత స్పష్టంగా తప్పు కనిపిస్తున్నా బృహదశ్వుడు నీ కర్మ అనుభవించు అని వెళ్లిపోలేదు. యుద్ధాల వల్ల, పాలకుల నిర్ణయాల వల్ల ఊరు వదిలినవాళ్లయితే ఏ పాచికా వేయలేదు. ఎదుటివాడి కర్మ మనకి కనిపించదు. మన ధర్మం మాత్రం మన ఎదురుగానే నిలబడి ఉంటుంది. కర్మ సిద్ధాంతం మన పనిని మనం చూసుకోవడానికి ఇచ్చింది, ఎదుటివాడి కష్టం నుంచి తప్పుకోవడానికి కాదు.

ఇంకో మాట. దేశంలోకి ఎవర్ని రానివ్వాలి, ఎంతమందిని అనేది ప్రభుత్వాలు చూసుకునే విషయం. దానిమీద ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉండొచ్చు. మన ఎదుట ఉన్న మనిషిని ఎలా చూడాలి అనేది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇది వేరేవాళ్ల కథ అని కూడా అనుకోకండి. 1942లో జపాన్ సైన్యం బర్మా మీదికి వచ్చినప్పుడు రంగూన్‌లో పనిచేసుకుంటున్న ఎందరో తెలుగువాళ్లు కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. దారిలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలు లాగేసుకున్నాక ఇంకొందరు ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అనే పేరు ఇప్పటికీ ఉంది. మీలో ఎవరి ముత్తాతో అలా వచ్చి ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడిగి చూడండి.

ఈ వారం మనం చేయగలిగింది

మనం రాజులం కాదు, కొలువులు ఇవ్వలేం. చిన్న పనులు చేయగలం.

మీకు వచ్చిన విద్య ఒకటి, ఎక్కడినుంచో వచ్చి కష్టపడుతున్న ఒకరికి నేర్పండి. తెలుగు మాట్లాడటం కావొచ్చు, స్పోకెన్ ఇంగ్లిష్ కావొచ్చు, ఎక్సెల్ కావొచ్చు, బ్యాంకు ఫారం నింపడం కావొచ్చు. వారానికి ఒక గంట చాలు. అన్నదానానికి డబ్బిచ్చే అలవాటుంటే, దానితో పాటు ఒక పిల్లాడి పుస్తకాలకో ఫీజుకో కొంత పక్కన పెట్టండి.

ఊరుగాని ఊరొచ్చి కొట్టు పెట్టుకున్నవాళ్ల దగ్గర కొన్నప్పుడు, బేరం తర్వాత ఒక నిమిషం ఆగి మాట్లాడండి. ఎక్కడినుంచి వచ్చారమ్మా, పిల్లలు ఏం చదువుతున్నారు అని అడగండి. ఆఫీసులో, హాస్టల్లో అలాంటివాళ్లని ఎవరైనా చులకన చేస్తే విరాటుడిలా మౌనంగా ఉండకండి.

మనలో జాబ్ పోయినవాళ్లు, ఊరు మారి ఒంటరైనవాళ్లు ఉంటే, మీ కష్టం వాళ్ల కష్టమంత పెద్దది కాకపోవచ్చు. దారి మాత్రం అదే. ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక విద్య పట్టుకోండి. ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో చిత్రసేనుడి దగ్గర కూర్చున్నప్పుడు అర్జునుడికీ తెలియదు.

వానలు పడకపోతే ఊళ్లలో విరాటపర్వం చదివించడం మన పెద్దల అలవాటు. ఆ పర్వం చివర ఏం జరిగిందో చూడండి. త్రిగర్తులు దాడిచేసి విరాటుణ్ని పట్టుకుపోతే వంటవాడు వలలుడు విడిపించాడు. కౌరవులు ఆవుల్ని తోలుకుపోతే డాన్స్ మాస్టారు బృహన్నల తిరిగి తెచ్చాడు. నాట్యం నేర్చుకున్న ఉత్తర అభిమన్యుడికి భార్య అయింది. యుద్ధంలో కురువంశం దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాక మిగిలిన ఒక్క దీపం పరీక్షిత్తు. ఆ ఉత్తర కడుపున పుట్టినవాడు, విరాటుడికి మనవడు. ఆశ్రయం ఇచ్చిన ఇంటి బిడ్డే, ఆశ్రయం అడిగి వచ్చినవాళ్ల వంశాన్ని నిలబెట్టింది.

కృష్ణయ్య మనందరికీ ఒక విద్యని, చేయడానికి ఒక పనిని, నలుగురితో పంచుకునే మనసుని ఇవ్వాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్లీ కలుద్దాం.

జై శ్రీకృష్ణ.